ఖాళీగా వదిలేసిన గడి: కడుపు క్యాన్సర్ మూత్రాశయానికి పాకినప్పుడు

(నర్సింగ్ విద్యార్థులు, రోగుల కుటుంబ సభ్యులు కలిసి కూర్చున్న సభలో విశ్రాంత పాథాలజిస్టు ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఉన్నాయి. డాక్టరు మాట్లాడతారంటే ముందు వరుస ఎప్పుడూ ఖాళీయే. ఎవరినీ లేపి ప్రశ్నలు అడగనులెండి, రండి.

నేను పాథాలజిస్టును. రోగి నా దగ్గరకు రాడు. రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్క వస్తుంది, ఫార్మలిన్ సీసాలో. దానితో పాటు ఒక స్లిప్పు వస్తుంది. పేరు, వయసు, ముక్క ఎక్కడి నుంచి తీశారు, ఇవి రాసి ఉంటాయి. కింద ఒక గడి ఉంటుంది, రోగికి ఇంతకుముందు ఏ జబ్బులు వచ్చాయో, ఏ ఆపరేషన్లు జరిగాయో రాయడానికి. నా ఉద్యోగకాలం మొత్తంలో నేను ఎక్కువసార్లు ఖాళీగా చూసిన గడి అదే. కార్యక్రమ పత్రంలో ‘కడుపు క్యాన్సర్, మూత్రాశయం’ అని వేశారు. నేను మాత్రం ఆ ఖాళీ గడి గురించి మాట్లాడటానికి వచ్చాను. రెండూ ఒకే విషయం ఎలా అయ్యాయో చెబుతాను.

ముందు ఒక ప్రశ్న. మూత్రంలో రక్తం పడింది. నొప్పి లేదు, మంట లేదు. ఎవరి దగ్గరకు వెళతారు? యూరాలజిస్టు దగ్గరకు. మంచిదే. ఆయన స్కాన్ తీయిస్తారు, మూత్రాశయం గోడ మందంగా ఉందంటారు, సిస్టోస్కోపీ చేసి, అంటే మూత్రం వచ్చే దారిలోంచి కెమెరా గొట్టం పెట్టి లోపల చూసి, ముక్క తీస్తారు. ఆ ముక్కలో క్యాన్సర్ కణాలు ఉన్నాయి. మరి అది ఏ క్యాన్సర్? ‘మూత్రాశయంలో ఉంటే మూత్రాశయ క్యాన్సరే కదా మేడమ్’ అంటారు. చాలావరకు అంతే. అక్కడ కనిపించే వాటిలో అత్యధికం ఆ లోపలి పొరలోనే పుట్టినవి. కానీ నూటికి రెండో మూడో అక్కడ పుట్టినవి కావు. వేరేచోట పుట్టి అక్కడికి చేరినవి.

2000లో బేట్స్, బైతున్ అనే ఇద్దరు బ్రిటన్ పాథాలజిస్టులు ఇలా మూత్రాశయానికి చేరిన క్యాన్సర్లను 282 సేకరించి ప్రచురించారు. ఎక్కువభాగం పెద్దపేగు, ప్రొస్టేట్, మలాశయం, గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చినవి. ఇవన్నీ ఇరుగుపొరుగు అవయవాలు, గోడ దాటి వచ్చేశాయి. ఆశ్చర్యం ఏమీ లేదు. మరి దూరం నుంచి వచ్చినవాటిలో మొదటిది ఏది? ఊపిరితిత్తులా? రొమ్మా? కాదు, కడుపు. అన్నం చేరే సంచి, జీర్ణాశయం. మొత్తంలో 4.3 శాతం. తక్కువే, కాదనను. అరుదైన సంగతి చెప్పి మిమ్మల్ని భయపెట్టడానికి రాలేదు. కానీ అరుదైనది కాబట్టే ఎవరికీ తట్టదు. తట్టనప్పుడు రోగి నష్టపోతాడు.

కడుపు ఎక్కడ, మూత్రాశయం ఎక్కడ? మధ్యలో పేగులన్నీ ఉన్నాయి. ఎలా వెళ్లింది? మూడు దారులున్నాయి. రక్తం ఒకటి, లింఫు నాళాలు రెండోది. మూడోదే అసలైనది. మన పొట్ట లోపలంతా పెరిటోనియం అనే పలుచని పొర పరుచుకుని ఉంటుంది. కడుపుకు బయటివైపు అదే పొర, మూత్రాశయం పైభాగాన కూడా అదే పొర. క్యాన్సర్ కడుపు గోడను తొలుచుకుంటూ బయటి పొర దాకా వచ్చిందనుకోండి. కణాలు ఊడి ఆ ఖాళీలోకి రాలతాయి. రాలినవి ఎటు పోతాయి? మనిషి రోజంతా నిలబడో కూర్చునో ఉండేవాడు. కిందికే పోతాయి. పొట్టలో అన్నిటికన్నా లోతైన చోటు కటిభాగంలో ఉంది. మగవారికి మూత్రాశయానికీ మలాశయానికీ మధ్య, ఆడవారికి గర్భాశయానికీ మలాశయానికీ మధ్య ఉండే గుంట అది. అక్కడ చేరి, అంటుకుని, చుట్టుపక్కల గోడల్లోకి దిగుతాయి.

అన్ని కడుపు క్యాన్సర్లూ ఇలా రాలవు. 1965లో ఫిన్లాండ్ పాథాలజిస్టు లౌరెన్ వీటిని ప్రధానంగా రెండు రకాలుగా విడదీశాడు. ఒక రకంలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డగా పెరుగుతాయి. రెండో రకంలో పట్టు ఉండదు. కణాలను కలిపి ఉంచే ఈ-క్యాధరిన్ అనే ప్రొటీన్ చాలావరకు దెబ్బతిని ఉంటుంది. అందుకని ఒక్కొక్కటిగా విడిపోయి పొరల కిందుగా పాకుతాయి. కడుపు గోడ గట్టిపడుతుంది, లోపల మాత్రం పుండు పెద్దగా కనిపించకపోవచ్చు. ఎండోస్కోపీ చేసే డాక్టర్లను కూడా ఇబ్బంది పెట్టే రకం ఇదే. పెరిటోనియం మీద రాలడంలోనూ ఇదే ముందుంటుంది.

రాలిన ప్రతి కణమూ మొలవదు, అదీ చెప్పాలి. 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్, రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది వివరాలు చూసి ఒక మాట అన్నాడు. విత్తనాలు అన్నివైపులా వెదజల్లినా, తగిన నేల దొరికినచోటే మొలుస్తాయి అని. కడుపు క్యాన్సర్‌కు కాలేయం, పెరిటోనియం, లింఫు గ్రంథులు అలాంటి నేల. మూత్రాశయం అంత తేలికగా లొంగే నేల కాదు. అందుకే అరుదు.

ఇక్కడొక మెలిక ఉంది, నర్సింగ్ పిల్లలు రాసుకోండి. మూత్రాశయంలోనే పుట్టిన క్యాన్సర్ లోపలి పొర నుంచి మొదలై బయటికి వెళుతుంది. కడుపు నుంచి వచ్చినది తరచుగా బయటి నుంచి లోపలికి వస్తుంది. దాని ఫలితం ఏమిటి? సిస్టోస్కోపీలో లోపలి పొర నున్నగా, మామూలుగా కనిపించవచ్చు. మూత్రం పరీక్షలో క్యాన్సర్ కణాలు దొరకకపోవచ్చు. పైపైన గిల్లినట్టు తీసిన ముక్కలో ఏమీ ఉండకపోవచ్చు. కండరం దాకా లోతుగా తీస్తేనే బయటపడుతుంది. రక్తం పడటం ఆలస్యంగా జరగవచ్చు, అసలు పడకపోవచ్చు. అంతకుముందే కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే మూత్రనాళం నొక్కుకుపోయి, కిడ్నీ ఉబ్బి, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) పెరిగి ఉండవచ్చు. కాళ్ల వాపు, వాంతులు, మూత్రం తగ్గిపోవడం, ఇలా మొదలవుతుంది కథ. ‘రక్తం పడలేదు కదా’ అని ధీమాగా ఉండకండి.

ఈ జబ్బు దూరప్రయాణాలను కనిపెట్టిన వాళ్ల కథలు నాకు ఇష్టం. ఒకటి నర్సులకు సంబంధించినది కనుక చెప్పి తీరాలి. అమెరికాలో మేయో సోదరుల ఆసుపత్రిలో సిస్టర్ మేరీ జోసెఫ్ అనే నర్సు ఉండేవారు. ఆపరేషన్‌కు ముందు రోగుల పొట్ట శుభ్రం చేస్తుంటే, కొందరికి బొడ్డు దగ్గర గట్టి బుడిపె చేతికి తగిలేది. అలాంటివారికి పొట్ట తెరిస్తే లోపల క్యాన్సర్ అప్పటికే పాకి ఉండటం ఆమె గమనించి డాక్టరు మేయోకు చెప్పారు. 1949లో హామిల్టన్ బెయిలీ తన పుస్తకంలో ఆ బుడిపెకు ఆమె పేరే పెట్టాడు. స్కానర్లు లేని రోజుల్లో ఒక నర్సు వేళ్లు పట్టుకున్న సంగతి అది! అలాగే 1909లో జార్జ్ బ్లూమర్ అనే డాక్టరు, మలద్వారం గుండా వేలితో పరీక్షిస్తే ఇందాక చెప్పిన గుంటలో గట్టి అరలాగా తగులుతుందని రాశాడు. గ్లవ్ తొడుక్కున్న వేలు చాలు. ఇప్పుడు ఆ పరీక్ష ఎంతమంది చేస్తున్నారు? సరే, అది వేరే గోల.

మూడో కథ నా వృత్తికి గుణపాఠం. 1896లో జర్మనీలో క్రూకెన్‌బర్గ్ అనే యువ డాక్టరు అండాశయంలో ఒక కొత్త రకం కణితి చూశాను, అది అక్కడే పుట్టిందని ప్రకటించాడు. కొన్నేళ్లకు, 1902లో, వియన్నాకు చెందిన ష్లాగెన్‌హౌఫర్ అవి అండాశయంలో పుట్టినవి కావని, ఎక్కువగా కడుపు లాంటి చోట్ల నుంచి వచ్చినవని చూపించాడు. పేరు మాత్రం నేటికీ క్రూకెన్‌బర్గ్ కణితి అనే ఉంది. మైక్రోస్కోపులో ఎంత బాగా చూసినా, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే రోగిని పూర్తిగా చూడాలి. ఒక్క ముక్క చాలదు.

ఇప్పుడు నా బల్ల దగ్గరకు రండి. మూత్రాశయం ముక్క వచ్చింది. స్లైడు చేసి చూస్తే రాయి పొదిగిన ఉంగరం ఆకారంలో కణాలు. కణం నిండా జిగురు నిండి, కేంద్రకాన్ని ఒక పక్కకు నెట్టేస్తుంది. సిగ్నెట్ రింగ్ కణాలు అంటాం. ఇవి ఎక్కడివి? కడుపువి కావచ్చు. మూత్రాశయానికీ బొడ్డుకూ మధ్య పుట్టకముందు ఉండే ఒక గొట్టం తాలూకు అవశేషం నుంచి పుట్టినవి కావచ్చు, యురాకస్ అంటాం దాన్ని. మూత్రాశయ క్యాన్సర్‌లోనే ఒక అరుదైన రకం ఇలాగే మారువేషం వేస్తుంది. చూపుకు మూడూ దగ్గరదగ్గరగానే ఉంటాయి. ప్రత్యేక రంగుల పరీక్షలు ఉన్నాయి, గాటా-3, సీకే7, సీకే20, సీడీఎక్స్2 అని. గాటా-3 బలంగా వస్తే మూత్రాశయం వైపు మొగ్గుతాం. మొగ్గుతాం అంటున్నాను, తేల్చేస్తాం అనడం లేదు. తేల్చేది ఏమిటి? ‘ఈయనకు రెండేళ్ల క్రితం కడుపు క్యాన్సర్ ఆపరేషన్ అయింది’ అనే ఒక్క వాక్యం. ఆ గడిలో ఉండాల్సిన వాక్యం.

ఎందుకు ఉండదు? డాక్టరు బద్ధకం కొంత. అది ఒప్పుకోవాల్సిందే. అసలు కారణం మన ఇళ్లలో ఉంది.

ఒక కేసు చెబుతాను, వివరాలు మార్చి. యాభై దాటిన పెద్దమనిషి. మూత్రంలో రక్తమని ఊరికి దగ్గరలోని యూరాలజిస్టుకు చూపించుకున్నారు. ‘ఇంతకుముందు ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా’ అని అడిగితే, ‘కడుపులో అల్సర్‌కు ఆపరేషన్ చేశారండి’ అన్నారు. ఆయన అబద్ధం ఆడలేదు. ఇంట్లోవాళ్లు ఆయనకు చెప్పింది అదే. కీమో ఎక్కించినప్పుడు ‘బలానికి సెలైన్’ అన్నారు. జుట్టు పలచబడితే ‘మందుల వేడి’ అన్నారు. అసలు సంగతి తెలిసిన కొడుకు ఆ రోజు వెంట రాలేదు. స్లిప్పులో గడి ఖాళీ. ఉంగరం కణాలు చూసి నేను యూరాలజిస్టుకు ఫోను చేశాను, ఆయన కొడుక్కి చేశారు. కొడుకు కాసేపు మాట్లాడలేదట. తర్వాత ‘నాన్నగారికి మాత్రం చెప్పకండి సార్’ అన్నాడట. పాత ఆసుపత్రి నుంచి స్లైడ్లు తెప్పించి రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. ఒకటే జబ్బు. అప్పటికే మూత్రాశయం తీసేయడానికి ఆపరేషన్ తేదీ అనుకుంటున్నారు. ఆగింది.

ఆగడం ఎందుకు ముఖ్యం? మూత్రాశయంలోనే పుట్టిన క్యాన్సర్ కండరంలోకి దిగితే మూత్రాశయాన్ని తీసేయడం నయం చేసే దారుల్లో ఒకటి. కడుపు నుంచి వచ్చినదైతే అది నాలుగో దశ, జబ్బు పొట్టంతా ఉన్నట్టే లెక్క. అంత పెద్ద ఆపరేషన్ చేసి, పొట్టకు సంచి తగిలించి, నెలల తరబడి కోలుకోనివ్వకపోతే, ఆ మనిషికి ఉన్న కొద్ది కాలం ఎవరు తిరిగి ఇస్తారు?

చెప్పవద్దనే కొడుకుల మీద నాకు కోపం లేదు. భయపడతారని, అన్నం మానేస్తారని, ఇంట్లో ఆడపిల్ల పెళ్లి కుదిరే వేళ మాట బయటికి పోతుందని, కారణాలు ఉంటాయి. నా అభిప్రాయం మాత్రం చెప్పాలి. రోగికి చెప్పాలి. ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది ఆయన అడిగినదాన్ని బట్టి ఉంటుంది. కానీ చెప్పాలి. క్యాన్సర్ ఆసుపత్రి గేటు మీద బోర్డు చదవగలిగిన మనిషికి తెలియదనుకోవడం మన అమాయకత్వం. సరే, మీరు ఒప్పుకోరు. అప్పుడు కనీసం ఈ ఒక్కటి చేయండి. ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు ఒక ఫైలులో పెట్టి, కంటి డాక్టరు దగ్గరకు వెళ్లినా సరే, పట్టుకెళ్లండి. ఫోనులో ఫొటో తీసుకోండి. ఆసుపత్రిలో స్లైడ్లూ, మైనంలో పెట్టిన ముక్కల బ్లాకులూ దాచి ఉంచుతారు. రెండో అభిప్రాయానికి కావాలని రాసి అడిగితే ఇస్తారు. నర్సింగ్ పిల్లలూ, స్లిప్పు నింపేది చాలాసార్లు మీరే. ‘ఆపరేషన్ అయిందా’ అని అడిగి ఊరుకోకండి. ‘ఏ ఆసుపత్రిలో అయింది, ఆ తర్వాత సెలైన్‌లో మందులు ఎక్కించారా, ఎన్నిసార్లు’ అని అడగండి. ఆ జవాబులోనే బయటపడుతుంది.

ఇప్పుడు ఇంకోవైపు. కడుపు క్యాన్సర్ వచ్చినవాళ్లకు మూత్రంలో ఏ తేడా వచ్చినా పాకిందనుకోకూడదు. నెపోలియన్ సంగతి విన్నారా? 1821 మే 5న సెయింట్ హెలెనా దీవిలో చనిపోయాడు. మర్నాడు శవపరీక్ష చేస్తే కడుపులో పెద్ద పుండు, క్యాన్సర్ లక్షణాలు కనిపించాయి. ఆయనకు మూత్రం బాధ కూడా ఉండేది. మూత్రాశయంలో ఏముంది? ఇసుక, చిన్న రాళ్లు. అంతే! రెండు బాధలు, రెండు వేర్వేరు కారణాలు. మన ఎండల్లో, మనం తాగే కాసిని నీళ్లకు, రాళ్లకేం కొదవ? ప్రొస్టేట్ పెరగడం ఉంది, ఇన్ఫెక్షన్ ఉంది. బీడీ, సిగరెట్టు తాగేవాళ్లకు కడుపు క్యాన్సర్, మూత్రాశయ క్యాన్సర్ రెండూ విడివిడిగా వచ్చే అవకాశం ఉంది, పొగాకు రెంటికీ కారణమే. అలా విడిగా వచ్చినది తొలి దశలో ఉంటే నయం చేయవచ్చు. అందుకే ముక్క తీసి చూడకుండా ‘పాకిపోయిందండి, ఇంటికి తీసుకెళ్లండి’ అనే మాటను ఒప్పుకోకండి.

పాకిందని తేలితే ఏం చేస్తారు? మందు మూత్రాశయానికి కాదు, కడుపు క్యాన్సర్‌కు ఇస్తారు. ఎక్కడ కనిపించినా అది కడుపు కణమే. కీమో మందులు ఇవి: ఆక్సాలిప్లాటిన్, దానితో 5-ఎఫ్‌యూ గానీ, కేపెసిటబిన్ మాత్రలు గానీ. ముక్కలో హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందేమో చూడమని తప్పక అడగండి. 2010లో వెలువడిన టోగా పరిశోధనలో, హెర్2 ఎక్కువగా ఉన్నవారికి కీమోతో పాటు ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇస్తే మధ్యస్థ ఆయుర్దాయం 11.1 నెలల నుంచి 13.8 నెలలకు పెరిగింది. మధ్యస్థం అంటే సగంమంది అంతకన్నా ఎక్కువ కాలం ఉన్నారని, అందరికీ అదే గడువు కాదని. 2014 నుంచి మన దేశంలో తయారైన దీని బయోసిమిలర్లు, అంటే అసలు మందును పోలిన మందులు, దొరుకుతున్నాయి, ధర కొంత దిగింది. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ కొందరికి పనిచేస్తుంది. క్లాడిన్ 18.2 అనే గుర్తు ఉన్నవారికి జోల్బెటుక్సిమాబ్ అనే మందును 2024లో జపాన్, అమెరికా ఆమోదించాయి. ఇవేవీ పూర్తిగా నయం చేసేవి కావు. కాలాన్ని పొడిగిస్తాయి, బాధను తగ్గిస్తాయి. ఈ మాట డాక్టరు నోటితో స్పష్టంగా వినాలి మీరు.

మూత్రాశయం వైపు చేయాల్సినవి చిన్న పనులు, కానీ రోజు గడవాలంటే అవే ముఖ్యం. కిడ్నీ ఉబ్బితే మూత్రనాళం లోపల డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం పెడతారు. దాన్ని కొన్ని నెలలకోసారి మార్చాలి, మరిచిపోతే దాని మీదే రాళ్లు కడతాయి. తేదీ క్యాలెండరు మీద రాసుకోండి. కణితి బయటి నుంచి గట్టిగా నొక్కుతుంటే స్టెంట్ పనిచేయకపోవచ్చు. అప్పుడు వీపు వైపు నుంచి కిడ్నీలోకి గొట్టం పెడతారు. రక్తం గడ్డలు కట్టి మూత్రం ఆగిపోతే తెల్లవారనిద్దాం అనుకోవద్దు, వెంటనే వెళ్లాలి. పెద్ద క్యాథెటర్ పెట్టి కడుగుతారు. రక్తం ఆగకపోతే కొద్దిరోజుల రేడియేషన్ పనికొస్తుంది.

నొప్పి గురించి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ ఇంజెక్షన్ చేయించడం మనకు అలవాటు. కిడ్నీ దెబ్బతిన్నవారికి అది చేటు. మార్ఫిన్ ఉంది, మంచి మందు, కానీ కిడ్నీ మందగిస్తే ఒంట్లో పేరుకుపోతుంది కాబట్టి మోతాదు తగ్గించాలి, లేదా ఫెంటనిల్ లాంటిది వాడాలి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి ఇలాంటి మందులు దొరకడం తేలిక చేశారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పాలియేటివ్ విభాగం ఉంది, అంటే నొప్పి, బాధ తగ్గించే విభాగం. అక్కడికి చివరి వారంలో కాదు, జబ్బు పాకిందని తెలిసిన వారంలోనే వెళ్లాలి.

ఇందాక చీటీ మీద ఎవరో అడిగారు, చదువుతాను. ‘మా అమ్మకు కడుపు క్యాన్సర్ వచ్చింది, మాకూ వస్తుందా? మేమంతా ఎండోస్కోపీ చేయించుకోవాలా?’ అమ్మా, రాసినవారు ఎక్కడున్నారో తెలియదు, వినండి. చాలావరకు ఇది వంశపారంపర్యం కాదు. దగ్గరి రక్తసంబంధీకులకు ముప్పు మిగతావారికన్నా కొంత ఎక్కువ, అంతవరకే. ముఖ్యమైన కారణాల్లో ఒకటి హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. ఆస్ట్రేలియా డాక్టరు బ్యారీ మార్షల్ దాని సంగతి తేల్చడానికి 1984లో దాన్ని స్వయంగా తాగేశాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. మన దేశంలో చాలామంది కడుపుల్లో అది ఉంది, క్యాన్సర్ వచ్చేది వారిలో కొద్దిమందికే. కానీ మీ ఇంట్లో ఒకరికి వచ్చింది కాబట్టి మీరు ఊపిరి పరీక్షో, మలం పరీక్షో చేయించుకుని, ఉంటే మందుల కోర్సు పూర్తిగా వాడండి. కోర్సు అయ్యాక పోయిందో లేదో మళ్లీ చూపించుకోండి. ఎండోస్కోపీ అవసరమా అన్నది మీ వయసు, లక్షణాలు చూసి డాక్టరు చెబుతారు. అమ్మగారికి వచ్చినది ఇందాక చెప్పిన విడివిడి కణాల రకమై, చిన్న వయసులో వచ్చి, కుటుంబంలో ఇంకొకరికి కూడా ఉంటే, అప్పుడు సీడీహెచ్1 జన్యు పరీక్ష గురించి అడగాలి. ఇందాకటి ఈ-క్యాధరిన్‌ను తయారుచేసే జన్యువు అది. అందుకు మీకు అమ్మగారి బయాప్సీ రిపోర్టు కావాలి. ఉందా ఇంట్లో? లేకపోతే రేపే వెళ్లి నకలు తెచ్చుకోండి.

ఆ కిటికీ దగ్గర చెయ్యి ఎత్తారు, మైకు అటు ఇవ్వండి.